తల్లి సీసా

ఆ రోజు ఆ ఇంట్లో ఉన్నది నలుగురు. ల్యాబ్‌లో పనిచేసే డాక్టర్ సిసానా. యుద్ధం నుంచి కాలి పుండుతో తిరిగొచ్చిన ఆమె కొడుకు వాజా. వాజాను పెళ్లాడబోయే లమారా, పొడవాటి ఫర్ కోటులో. నాలుగో మనిషి నర్సు నెస్తాన్. ఆమె నిజానికి నర్సు కాదు, సీక్రెట్ సర్వీస్ ఏజెంట్. కోడ్ నేమ్ దానిమ్మ.

జార్జియా రాజధాని టిబిలిసిలో కరెంటు లేని శీతాకాలం అది. ల్యాబ్ ఫ్రిజ్‌లు ఆగిపోతే 'తల్లి సీసా'ను సిసానా ఇంటికి తెచ్చి, చల్లటి కిటికీ అరలో దాచింది. ఏ యాంటీబయాటిక్‌కీ లొంగని పుండులో బ్యాక్టీరియాను తినే ఫేజ్ అనే వైరస్ అందులో ప్రాణంతో ఉంది. మందంతా దాన్నుంచే పెంచాలి. దానిమీద ఓ విదేశీ ముఠా కన్ను పడింది.

"సీసా ముఖ్యం. మిగతాది నీ పని కాదు," అన్నాడు చీఫ్ బ్రీఫింగ్‌లో.

పన్నెండు రోజులుగా, సిసానా ల్యాబ్‌కు వెళ్లాక, వాజాకు కట్టు మార్చేది నెస్తానే. పెంచిన మందు నిన్నటితో అయిపోయింది. పుండు తగ్గలేదు. తెల్లారితే సర్జన్ వచ్చి మోకాలి కింద కాలు తీసేస్తాడు.

"అక్కా, నువ్వు తుడిస్తే శత్రువు తూటానే నయమనిపిస్తుంది," అని నవ్వేవాడు వాజా.

"ఓర్చుకో తమ్ముడూ. మండుతోందంటే పనిచేస్తున్నట్టే."

మధ్యాహ్నం మూడింటికి వీధిలో కారు హారన్ రెండుసార్లు మోగింది.

"ఇప్పుడే వస్తా అత్తయ్యా," అంటూ లమారా పౌడర్ డబ్బా పట్టుకుని లేచింది.

నెస్తాన్ కిటికీ వైపు చూసింది. అర ఖాళీ!

నాలుగు అంగల్లో మెట్లు దిగి, కారు తలుపు అందుకోబోతున్న లమారా మణికట్టు పట్టుకుంది. డబ్బా అద్దం వెనక సీసా. కారు పారిపోయింది. సర్వీస్ జీతం తింటూనే ముఠాకు పనిచేసిన డబుల్ ఏజెంట్ లమారా చేతికి పడిన బేడీ మెట్ల కమ్మీకి బిగిసింది.

లమారా నవ్వింది. "భలే నర్సువే! స్పిరిట్‌తో తుడిచి, దానిమీద మందు పోస్తావా? స్పిరిట్ తగిలితే ఫేజ్ చస్తుందని ఈ ఊళ్లో ఊడ్చేవాళ్లకి కూడా తెలుసు. ఉప్పునీళ్లతో కడగాలి."

నెస్తాన్ ఆమెను తనవైపు తిప్పుకుంది. "తెలిసి ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నిన్ను కనిపెట్టేశానని నీకు తెలిసిపోదూ?"

పై మెట్టు మీద సిసానా నిలబడి ఉంది. అంతా విన్నది. నెస్తాన్ మెట్లెక్కి సీసా అందించింది.

"అమ్మా, ఇప్పుడు దీంతో..."

"పెంచడానికి మూడు రోజులు పడుతుంది."

లోపలి నుంచి వాజా కేక వినిపించింది: "నర్సక్కేదీ? కట్టు మార్చే వేళైంది!"

నెస్తాన్ గడప మీద కాలు పెట్టింది. సిసానా ఆమె చేతులకేసి చూసింది.

"నీ పని అయిపోయిందిగా. వెళ్లు."

చీఫ్‌కు పంపాల్సింది రెండే మాటలు: సీసా భద్రం. ఆ సీసాను గుండెకు హత్తుకుని, కొడుక్కి వినబడకుండా, సిసానా మెల్లగా తలుపు మూసింది.