ఎడంచేతి ఎరుపు

"గమ్ పెట్టారా దీనికి?"

ఆవిడ నాతో అన్న మొదటి మాట అది. రండి లేదు, కూర్చోండి లేదు, ఏం కావాలండీ లేదు.

బయట వాన దంచుతోంది. తడిసిన గొడుగు ఎక్కడ పెట్టాలో తెలీక చేత్తోనే పట్టుకుని నిలబడ్డాను. కుట్టుమిషన్ వెనక కూర్చున్న టైలరమ్మ దారం రంగు చూపించడానికి తెచ్చిన గుడ్డ మీది కుట్టుబొమ్మని నా చేతిలోంచి లాక్కుని, వెనక్కి తిప్పి, చచ్చిన బొద్దింకని ఎత్తినట్టు రెండు వేళ్ళతో పైకెత్తింది.

"పెట్టాను. ఏం?"

"ముందువైపు ఒక్క కుట్టు కూడా లెక్క తప్పలేదు. ఇది కుట్టిన చేతులకి దణ్ణం పెట్టాలి. వెనక గమ్ పూసి గుడ్డంతా ముడతలు పడేలా చేసిన మహానుభావులు మీరేనా?"

"రెండూ నేనే."

ఆవిడ నా మొహం చూడలేదు, చేతులు చూసింది. సోల్డరింగ్ కాలి మచ్చలు పడ్డ వేళ్ళు. గోళ్ళ కింద నలుపు.

"మీరు కుట్టారా?"

"కుట్టకూడదా?"

"నేనలా అన్నానా? ఎవరికండీ ఇవి, మీ పాపకా?"

"పాప లేదు."

"మీ ఆవిడకా?"

"ఆవిడా లేదు."

"అయ్యో..."

"అయ్యో ఏం లేదు. బతికే ఉంది. వేరేచోట ఉంది. సుఖంగా ఉంది."

మూల స్టూలు మీద బొత్తాలు ఏరుకుంటున్న పెద్దాయన కిసుక్కున నవ్వాడు. ఆవిడ నాన్న. మోకాళ్ళు పోయాయి గానీ చెవులు పోలేదు.

"మరి ఎవరికండీ?" అంది ఆవిడ, ఈసారి కాస్త నెమ్మదిగా.

"కిటికీకి."

నిజమే చెప్పాను. నాది గేమ్ మిషన్ల రిపేరు షాపు. ఎనిమిదో క్లాసు మధ్యలో బడి మాన్పించి మా మామయ్య దగ్గర పనికి పెట్టారు. అప్పటి నుంచి పక్కవాళ్ళు ఆడుకునే ఆటలు బాగుచెయ్యడమే నా బతుకు. పాత గేముల్లో బొమ్మలన్నీ చిన్న చిన్న గళ్ళే. గళ్ళ గుడ్డ మీద ఒక్కో గడికి ఒక్కో ఇంటూ మార్కు కుట్టు వేసుకుంటూ పోతే, తెర మీద బొమ్మ గుడ్డ మీదకి దిగుతుంది. బాంబు, నిధి పెట్టె, తాళంచెవి, అగ్గిపెట్టంత ఓడ. వెనక మందపాటి ఫెల్టు గుడ్డ గమ్‌తో అంటించి, పైన దారం కట్టి, కిటికీ కడ్డీకి వేలాడదీస్తాను. మా ఆవిడ వెళ్ళిపోయిన ఏడు మొదలుపెట్టాను. మందు నాకు పడదు, భక్తి కుదరదు. చేతులకి ఏదో ఒకటి కావాలిగా.

నలభై బొమ్మలు వేలాడుతున్నాయి ఆ కిటికీలో. చూసినవాళ్ళు లేరు.

"ఇక నుంచి కుట్టడం మీరు, వెనక ఫెల్టు నేను. గమ్ సీసా బయట పారెయ్యండి," అంది టైలరమ్మ. సూది ఎడం చేత్తో పట్టుకుంది. అప్పుడే చూశాను, ఆవిడది ఎడంచేతి వాటమని.

అలా మొదలయ్యాయి గురువారాలు.

గురువారం నా షాపుకి సెలవు. పొద్దున కుట్టిన బొమ్మ జేబులో పెట్టుకుని, నాలుగు వీధులు నడిచి, మూడు అంతస్తులెక్కేవాణ్ణి. ముందు గది షాపు, వెనక గది ఇల్లు. ఆవిడ బొమ్మ చేతిలోకి తీసుకుని పరీక్ష పెట్టుకునేది.

"ఇది ఉల్లిపాయ."

"బాంబండీ."

"బాంబుకి మొలకొచ్చిందేంటి?"

"అది వత్తి."

"సరే. ఇది దువ్వెన. ఇది కచ్చితంగా దువ్వెనే."

"తాళంచెవి."

"ఏ తలుపుకండీ ఇన్ని పళ్ళు? నాన్నా, రిపేరు గారి ఇంటికి దొంగలు రారు, తాళం చూసి పారిపోతారు!"

నన్ను రిపేరు గారనే పిలిచేది. ఆవిడ జీవితంలో ఒక్క గేమూ ఆడలేదు. అయినా ప్రతి బొమ్మకీ ఒక కథ అడిగేది. ఈ కుర్రాడు ఎందుకు దూకుతున్నాడు, ఈ దయ్యం ఏడుస్తోందేంటి అని. నేను చెప్పేవాణ్ణి. మిగతా ఆరు రోజులూ నాతో మాట్లాడేవాళ్ళు కస్టమర్లు. వాళ్ళకి వచ్చిన మాట ఒక్కటే: "ఎప్పుడిస్తారు?" ఇంటికెళితే ఒక కంచం, ఒక గ్లాసు, కిర్రుమనే ఫ్యాను. ఆ ఫ్యాను కూడా బాగుచెయ్యగలను. చెయ్యలేదు. గదిలో ఏదో ఒక చప్పుడుండనీ అని.

ఒకసారి పెద్దాయన బొత్తాలు లెక్కపెడుతూ, ఎవరూ అడక్కుండానే అన్నాడు: "ఈ చుట్టుపక్కల సగంమంది పెళ్ళికూతుళ్ళకి మా అమ్మాయే జాకెట్లు కుట్టింది. తనకి కొలతలు తీసేవాడే దొరకలేదు."

"నాన్నా, బొత్తాల సంగతి చూడు."

"చూస్తూనే ఉన్నానమ్మా. జతకాని బొత్తం ఒకటి ఉంది, దీనికి సరిపడేది ఎక్కడో ఉండే ఉంటుంది."

ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి. నేను గోడమీద కొలత టేపు వంక చూస్తూ కూర్చున్నాను. నలభై మూడేళ్ళొచ్చాయి, ఇంకా అలాంటప్పుడు ఎక్కడ చూడాలో తెలీదు నాకు.

ఏడు నెలలు గడిచాయి. ఒక గురువారం వెళ్ళి, "ఎర్ర దారం ఇవ్వండి, మంచి ముదురు ఎరుపు," అన్నాను.

"అయిపోయిందండీ." ఆవిడ తలెత్తలేదు. "కొత్త సరుకు తెప్పించడం లేదు."

"ఏం?"

జవాబు మూల నుంచి వచ్చింది. "నెలాఖరుకి ఖాళీ చేసేస్తున్నాం బాబూ. ఈ మెట్లు నావల్ల కావడం లేదు. కింద ఇల్లు ఈ చుట్టుపక్కల దొరకలేదు. పెద్దమ్మాయి తన ఊరు వచ్చెయ్యమంటోంది."

కుట్టుమిషన్ ఆగింది. ఆవిడ నా వంక చూసింది. ఏదో ఒకటి అనాల్సిన చోటు అది. నాకు తెలుసు.

"మంచిదేనండీ," అన్నాను. "మీకూ విశ్రాంతి."

గొడుగు అక్కడే మర్చిపోయి వానలో ఇంటికొచ్చాను.

గేములాడేవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆడనివాళ్ళకి చెబుతున్నాను. తెర పైమూల మూడు గుండెలుంటాయి. అవి మన ప్రాణాలు. దెబ్బ తగిలినప్పుడల్లా కుడిపక్క నుంచి ఒక్కోటి ఖాళీ అయిపోతుంది. నల్లగీత మిగులుతుంది, లోపలి ఎరుపు పోతుంది. మూడూ పోతే ఆట ముగిసినట్టే.

ఆ వారం అదే కుట్టాను. మూడు గుండెలకీ నల్లగీత వేశాను. డబ్బా అడుగున రెండింటికి సరిపడా ఎరుపు ఉంది. మొదటిది నింపాను. చివరిది ఎలాగూ ఖాళీయే, అది మా ఆవిడతోపాటు పోయింది. మధ్యదాని దగ్గర సూది పట్టుకుని చాలాసేపు కూర్చుని, దారం మళ్ళీ చుట్టేసి డబ్బాలో పడేశాను.

తరవాతి గురువారం దాన్ని ఆవిడ బల్ల మీద పెట్టి, గొడుగు తీసుకుని, పనుందని వచ్చేశాను. పనేం లేదు.

ఆ పై గురువారం వెళ్ళేసరికి ఆవిడ గుమ్మంలోనే నిలబడి ఉంది, చేతులు వెనక్కి పెట్టుకుని, బడిపిల్లలా.

"కళ్ళు మూసుకోండి."

"ఎందుకండీ ఇవన్నీ?"

"మూసుకోమంటే మూసుకోవాలి."

మూసి తెరిచాను. మూడు గుండెలూ నిండుగా, ఎర్రగా ఉన్నాయి.

"మా షాపులో ఎరుపు లేకే కదా మీరు మధ్యలో వదిలేశారు! నాకు ఒకటే బాధ. రెండు బస్సులు మారి వెళ్ళి తెచ్చాను, అచ్చు మీ షేడే. నేనే నింపేశాను. ఇది ఒక్కటి మాత్రం నాకు కరెక్టుగా తెలిసింది చూడండి, ఉల్లిపాయ కాదు, దువ్వెన కాదు..."

"ఎవరు నింపమన్నారు మిమ్మల్ని?"

ఆవిడ నవ్వు ఆగిపోయింది.

"అది ఖాళీగానే ఉండాలి. ఖాళీగా ఉండాలనే కుట్టాను."

"ఖాళీగా ఉండాలని కుట్టడమేంటండీ?"

"తెలీనప్పుడు అడగాలి. అడక్కుండా వేరేవాళ్ళవి ముట్టుకోకూడదు. మా ఆవిడా ఇంతే, నా సామాన్లన్నీ సర్ది, సర్ది, చివరికి తను సర్దుకుని పోయింది."

అనేశాక తెలిసింది ఏమన్నానో. 

"నాకు గేములు తెలీవండీ," అంది టైలరమ్మ. "దారం అయిపోయిందనే అనుకున్నాను."

బొమ్మ జేబులో కుక్కుకుని మెట్లు దిగాను.

మర్నాడు షాపులో కూర్చుని ఆవిడ వేసిన ఎరుపు విప్పడానికి పూనుకున్నాను. వెనక ఫెల్టు ఊడదీశాను. ఆవిడ కుట్లు వెనకవైపు కూడా ముందువైపులాగే ఉన్నాయి, ఒక్క ముడి లేదు. చిన్న కత్తెరతో కోసి, సోల్డరింగ్ పట్టకారుతో పోగులు లాగుతూ చివరి గుండె ఖాళీ చేశాను. ఇరవై ఏడు కుట్లు. తరవాత మధ్యది. కత్తెర మొన పెట్టబోతూ బొమ్మని లైటు కింద వంచాను.

రెండు ఎరుపులూ ఒక్కలా లేవు.

అదే షేడు, అదే దారం. కానీ నా కుట్లలో పైపోగు ఒకవైపు వాలుతుంది. ఆవిడది ఎడంచేతి వాటం కదా, ఆవిడ కుట్లలో రెండోవైపు వాలింది. నాది మెరిసినప్పుడు ఆవిడది చీకటి. కొంచెం తిప్పితే నాది చీకటి, ఆవిడది మెరుపు. కుట్టుపని పుస్తకాలు దీన్ని తప్పంటాయి. పైపోగులన్నీ ఒకేవైపు వాలాలట.

కత్తెర కింద పెట్టేశాను. ఒక కస్టమర్ వచ్చి ఎప్పుడిస్తారని అడిగాడు. ఏం చెప్పానో గుర్తు లేదు.

శని, ఆదివారాలు ఆ బొమ్మని తిప్పుతూనే ఉన్నాను. గురువారం దాకా ఆగితే అక్కడ షాపుండదు. సోమవారం పొద్దున్నే నా షాపుకి తాళం వేసి మూడు అంతస్తులెక్కాను.

గదినిండా అట్టపెట్టెలు, టేపు వేసినవి. కుట్టుమిషన్‌కి దుప్పటి కప్పారు. పెద్దాయన స్టూలు మాత్రం మూలనే ఉంది.

"ఇవాళ గురువారం కాదే," అంది ఆవిడ, చేతిలో టేపు చుట్ట పట్టుకుని.

బొమ్మ ఇచ్చాను. చూసింది.

"ఒకటే విప్పారేం? సగం కోపమేనా మీది?"

"ఆ చివరిది మా ఆవిడది. అది పోయింది. ఎర్రగా నింపితే అబద్ధమవుతుంది."

"మరి మధ్యది?"

వేలికున్న మచ్చ గోకుతూ చెప్పాను. "మధ్యది... మీరు ఖాళీ చేస్తున్నామన్న రోజు పోయింది."

"షాపు పోతోందనా?"

"షాపు కాదు."

ఆవిడ చేతిలో టేపు చుట్ట పెట్టె మీద పెట్టేసింది.

"ఆ రోజు మంచిదేనండీ అన్నారు."

"అన్నాను."

"మీ భాషలో మంచిదేనండీ అంటే ఇదా అర్థం?"

"నేను ఎనిమిదో క్లాసండీ. అది కూడా మధ్యలో మానేశాను. ఇంతకంటే బాగా చెప్పడం రాదు. మీరు తెలీక నింపారు, నాకు తెలుసు. కానీ విప్పడానికి చెయ్యి రాలేదు. మీరు వెళ్ళేదాకా అయినా అది నిండుగానే ఉండనీ అనుకున్నాను. మొన్న గురువారం కోపంలో అన్న మాటకి... తప్పయిపోయింది. అది చెబుదామనే వచ్చాను."

"రిపేరు గారూ," అన్నాడు పెద్దాయన మూల నుంచి. "మీ ఇల్లు ఎన్నో అంతస్తు?"

"కిందేనండీ. షాపు వెనకాల."

"మెట్లో?"

"లేవండీ. ఒక్క గడప."

"అమ్మా, అక్కకి ఫోను కలుపు."

"నాన్నా!" ఆవిడ చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి, నా దారం షేడుకి దగ్గరగా. "ఆయన ఇంకా ఏమీ అడగలేదు."

"నేను అడగలేనే తల్లీ ఆయన తరఫున. అడిగితే నాకు తన మోకాళ్ళు అరువిస్తాడేమోగానీ, నోరు మాత్రం విప్పేలా లేడు."

ఇద్దరూ నా వంక చూశారు. ఏదో ఒకటి అనాల్సిన చోటు మళ్ళీ వచ్చింది. గేముల్లో తప్ప ఎక్కడా ఒకే చోటు రెండోసారి రాదనుకునేవాణ్ణి.

"ఉండిపోండి," అన్నాను. గొంతు కిర్రుమంది, మా ఫ్యానులాగే. "నా దగ్గర. మీ ఇద్దరూ."

ఆవిడ బొమ్మని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. ఇటు వంచింది, అటు వంచింది. చాలాసేపు చూసింది.

"నాది అటు వాలింది," అంది.

"అవును."

"తప్పు కదా ఇది?"

"తప్పే."

"మూడోదాన్ని..."

"దాన్ని అలాగే వదిలెయ్యండి."

"వదిలేస్తాలెండి. మీ కిటికీ ఎటువైపు? పొద్దుటి ఎండ పడుతుందా?"

"పడుతుంది."

ఆవిడ తలూపి, దగ్గర్లో ఉన్న పెట్టె మీద టేపు పట్టుకుని ఒక్క లాగు లాగింది. బర్రుమని ఊడింది. లోపల చెయ్యి పెట్టి వెతుకుతూ, వెనక్కి తిరక్కుండానే అంది:

"ఫెల్టు ఎందులో పెట్టానో ఏమో. దొరికేదాకా కూర్చోండి. మళ్ళీ గమ్ పూస్తారు మీరు."