ఎవరిదీ కాని తాళం

బట్టల కొట్టు మూతపడ్డాక అతనికి నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. కాలు తిమ్మిరెక్కినట్టు మనసూ తిమ్మిరెక్కింది. బావమరిది ఎవరి కాళ్లో పట్టుకుని ఓ ఆఫీసు భవనం బాగోగులు చూసే ఫెసిలిటీస్ మేనేజర్ ఉద్యోగం ఇప్పించాడు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. కుళాయి కారినా, లిఫ్టు ఆగినా, ఎలుక కనబడినా తిట్లు తినేది అతనే. పైగా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఇదీ పోతే ఇంట్లో భార్యకి మొహం చూపించలేడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆఫీసంతా ఖాళీ. పై అంతస్తులో ఏసీ గాలి గది కడిగించారు. గది అంటే, పెద్ద ఫ్యాను బిగించిన ఇనప డబ్బా. మనిషి వంగి లోపలికి దూరొచ్చు. తడిసిన దుమ్ము వాసన. లోపలికి వెళ్లే ప్రతివాడూ ముందు బయటి స్విచ్ ఆపి, దానికి తన తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుంటాడు. వాడు బయటికొచ్చి తీస్తే తప్ప ఫ్యాను తిరగదు. ముసలి ఎలక్ట్రీషియన్ మొదటిరోజే చెప్పాడు. "ఒకడి తాళం ఇంకొకడు ముట్టుకోకూడదు సార్. అది తాళం కాదు, ప్రాణం."

కడిగినవాళ్లు ఎవరి తాళాలు వాళ్లు తీసుకుని వెళ్లిపోయారు. స్విచ్‌కి ఒకటి మిగిలింది. ఫోన్ చేస్తే అందరూ "మాది కాదు" అన్నారు. అతను టార్చి వేసి మూలమూలా చూశాడు. లోపల పిల్లి దాక్కోవడానికైనా చోటు లేదు.

ఇంతలో యజమాని ఫోన్. "రేపు పొద్దున్నే పెద్దవాళ్లొస్తున్నారు. ఏసీ వేశావా లేదా? చేతకాకపోతే రేపట్నుంచి రాకు. లైన్లోనే ఉంటా, వెయ్యి."

"రంపం ఇవ్వు," అన్నాడు అతను, పక్కనే ఉన్న ఎలక్ట్రీషియన్‌తో.

"నేను కొయ్యను సార్."

"నేనే కోస్తాలే."

తాళం తెగి కింద పడింది. స్విచ్ వేశాడు. ఫ్యాను మూలిగి, ఊపందుకుంది.

టక్... టక్... టక్...

లోపలినుంచి. తలుపు మీద.

"బేరింగేమో," అన్నాడు, స్విచ్‌కి అడ్డంగా నిలబడే. ఎలక్ట్రీషియన్ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఫ్యాను తిరుగుతున్నంతసేపూ గాలి లాగుడికి ఆ తలుపు లోపలినుంచి ఎంత తోసినా రాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"ఆపండి సార్..." గుసగుసగా అన్నాడు.

"గాలి వస్తోందా?" ఫోన్లో యజమాని.

"వస్తోందండి."

టక్ టక్ టక్ టక్...

"చల్లగా ఉందా?"

"చల్లగానే ఉందండి."

"శభాష్. నీ ఉద్యోగం ఖాయం అనుకో."

యజమాని రేపటి ఏర్పాట్ల గురించి ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు. అతను వింటూ నిలబడ్డాడు. చప్పుడు మెల్లబడింది. టక్... చాలాసేపటికి ఇంకోటి. ఆ తర్వాత లేదు.

ఫోన్ పెట్టేశాకే స్విచ్ ఆపాడు. భయం వేస్తే బాగుండుననిపించింది. వేయలేదు.

ఫ్యాను ఆగాక తలుపు తెరిచి లోపలికి వంగాడు. ఎవరూ లేరు. ఇనుమంతా మంచుగడ్డలా ఉంది. వేళ్లకు స్పర్శ తెలియడం లేదు. లేవబోతూ ఆసరాకి తలుపు లోపలి పిడి పట్టుకున్నాడు.

అది వెచ్చగా ఉంది. ఎవరో గట్టిగా పట్టుకుని, ఇప్పుడే వదిలినట్టు.

"ఉన్నారా సార్... ఎవరైనా?"

"లేరు."

చల్లారాక వదులుదామని అలాగే పట్టుకుని ఉండిపోయాడు. ఎలక్ట్రీషియన్ మెట్లు దిగి వెళ్లిపోయాడు. కిటికీలో వెలుగు పోయింది.

పిడి ఇంకా చల్లారలేదు.