మసి కాలికి అయస్కాంతపు పట్టీ

"కదలకే తల్లీ! ప్రాక్టీసుకి టైమైపోతోంది!"

గుర్రం ముందుకాలి దగ్గర గొంతుక్కూర్చుని తూనీగ బతిమాలుతోంది. బడి నుంచి నేరుగా వచ్చింది. బ్యాగు ఇంకా వీపు మీదే ఉంది. ఒక షూ లేసు ఊడి నేల మీద ఈడుస్తోంది.

ఆ గుర్రం పేరు మసి. పొట్టి గుర్రం, నల్లగా నిగనిగలాడుతుంది. సవారీ నేర్పే ఆ గుర్రపుశాలలో పిల్లలందరూ మొట్టమొదట ఎక్కేది దాని మీదే. వీపు మీద పసివాళ్ళు ఉంటే ప్రతి అడుగూ చూసుకుని వేస్తుంది. శాల బాగోగులన్నీ చూసేది తూనీగ వాళ్ళమ్మ. పరుగులో ఎవరికీ చిక్కదని పిల్లకి ఆ ముద్దుపేరు పడింది. అసలు పేరు బడి రిజిస్టరులో మాత్రం ఉంటుంది.

పోయిన వారం మసి కాలు జారింది. మోకాలి కింద నరం సాగి, కాలు బుంగలా ఉబ్బింది. పశువుల డాక్టరమ్మ చూసి ఒక పెట్టె తెచ్చింది. పెట్టెకి పొడుగాటి వైరు, వైరు చివర మెత్తటి పట్టీ.

"ఈ పట్టీలో రాగితీగ చుట్టలున్నాయి," అని చూపించింది. "వాటిలో కరెంటు ఆగి ఆగి పారుతుంటే చుట్టూ అయస్కాంతశక్తి పుడుతుంది, ఆగుతుంది, మళ్ళీ పుడుతుంది. తోలు దాటుకుని లోపలి నరం దాకా వెళ్తుంది."

"మసికి నొప్పి పుట్టదా?"

"ఊహూఁ. వేడి ఉండదు, చప్పుడుండదు, కంటికి కనబడదు."

"మరి పనిచేస్తోందని మనకెలా తెలుస్తుంది?"

ఆ ప్రశ్న కోసమే చూస్తున్నట్టు డాక్టరమ్మ జేబులోంచి చేతిగాజులాంటి రింగు తీసింది. దానికి మినపగింజంత బల్బు. బ్యాటరీ లేదు, ప్లగ్గు లేదు. దాన్ని పట్టీ దగ్గరికి తెచ్చిందో లేదో, బల్బు టుక్కుటుక్కుమంటూ ఎర్రగా వెలిగింది!

తూనీగ తెరిచిన నోరు మూయలేదు. "ముట్టుకోకుండానే!"

"మంత్రమా?" అన్నాడు తమ్ముడు బుడంకాయ, అమ్మ వెనక దాక్కుని.

"మంత్రమైతే రాసుకునే పని లేదురా," అని నవ్వింది డాక్టరమ్మ. "ఇది కొన్నిటికి బాగా సాయపడుతుంది, కొన్నిటికి పడదు. మసి సంగతేమిటో మనం రాసుకుంటేనే తెలుస్తుంది. మా అన్నయ్య నర్సరీలో విత్తనాలకి ఇలాంటిదే పెట్టి చూస్తున్నాడు. పెట్టినవి ఒక ట్రే, పెట్టనివి ఇంకో ట్రే. పొద్దున లేస్తే మొలకలు లెక్కపెట్టడమే వాడి పని!"

"పరుగు పందేలవాళ్ళు కూడా వాడతారట కదా! నా పిక్కకి కూడా పెట్టరూ?" అంది తూనీగ.

"నీ పిక్కలకి వేరే డాక్టరున్నారమ్మా. నేను నాలుగు కాళ్ళవాళ్ళకే!"

వెళ్తూ వెళ్తూ డాక్టరమ్మ తూనీగ చేతిలో ఒక నోటుబుక్కు పెట్టింది. రోజూ సాయంత్రం ముందు రింగు పెట్టి చూడాలి. వెలిగితే మొదటి గడిలో టిక్కు. తర్వాత అరగంట పట్టీ కట్టి రెండో గడిలో టిక్కు. ఆ వేళకి అమ్మ సవారీ క్లాసుల్లో ఉంటుంది కాబట్టి ఆ పని తూనీగది.

మూడు రోజులు తూనీగ కంటికి రెప్పలా చూసుకుంది. నాలుగో రోజు బడి రిలే పరుగు జట్టులో చోటొచ్చింది. ప్రాక్టీసు సరిగ్గా అయిదింటికి. రింగేమో ఆఫీసు గది అలమారలో ఉంటుంది. వెళ్ళి తాళం తీసి తెచ్చేసరికి అయిదు నిమిషాలు.

"పెట్టె మీద పచ్చలైటు వెలుగుతోందిగా. అది చాలదూ?" అనుకుంది తూనీగ. రింగు తేలేదు. కానీ మొదటి గడి ఖాళీగా ఉంటే బాగోదని టిక్కు పెట్టేసింది.

అయిదో రోజు చెయ్యి అలవాటుగా టిక్కు పెట్టింది. ఆరో రోజూ అంతే. ఈ రోజు ఏడోది.

ఆఖరి టిక్కు పెట్టి పరిగెత్తబోతుంటే, అమ్మా డాక్టరమ్మా లోపలికొచ్చారు.

డాక్టరమ్మ టేపు చుట్టి కాలు కొలిచింది. నోటుబుక్కు తిరగేసింది. మళ్ళీ కొలిచింది.

"మొదటి రోజు ఇరవై ఒక్క సెంటీమీటర్లు. మూడో రోజు వచ్చి చూస్తే ఇరవైన్నర. ఈ రోజు కూడా ఇరవైన్నరే." ఆమె మొహంలో నవ్వు లేదు. "పాప ఒక్కరోజు కూడా మానలేదు. అయినా వాపు దిగలేదంటే, దీనికి ఈ వైద్యం పడలేదన్నమాట. పెట్టె వేరే పశువుకి తీసుకెళ్తాను."

"మరి మసి?" అంది అమ్మ మెల్లగా.

"ఇక సవారీకి వద్దు. ఊరవతల పచ్చిక బయలుంది కదా, అక్కడ వదిలేయడమే మంచిది."

బయట గేటు దగ్గర్నుంచి రిలే కెప్టెన్ అక్క కేక: "ఏయ్ తూనీగా! కాళ్ళకి జిగురంటుకుందా ఏం?"

వెళ్ళిపోవచ్చు. టిక్కులన్నీ నిండుగా ఉన్నాయి. పచ్చలైటు వెలుగుతోంది. తనని ఎవరూ ఏమీ అడగలేదు.

మసి తల వంచి తూనీగ జడని మెల్లగా నమిలింది.

"డాక్టరమ్మగారూ..." తూనీగ నోటుబుక్కు వైపు వేలు చూపించింది. "నాలుగు రోజుల్నుంచి నేను రింగు పెట్టలేదు. ఊరికే టిక్కు పెట్టాను."

"ఏమిటే నువ్వనేది!" అంది అమ్మ.

డాక్టరమ్మ చెయ్యెత్తి అమ్మని ఆపింది. "ముందు రింగు తీసుకురా."

తూనీగ నిజంగానే తూనీగలా ఎగిరి వెళ్ళి తెచ్చింది. పట్టీ దగ్గర పెట్టింది. బల్బు వెలగలేదు. అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఊహూఁ.

డాక్టరమ్మ వైరుని వేళ్ళతో తడుముకుంటూ వచ్చి, పట్టీకి జానెడు దూరంలో ఆగింది. "ఇదిగో. డెక్క కింద నలిగి లోపల తెగింది. పెట్టెకి కరెంటొస్తోంది, పట్టీకి పోవడం లేదు."

"ఎన్ని రోజులైందంటారు?" అంది అమ్మ.

"ఏమో! అది చెప్పాల్సింది ఈ బుక్కే."

తూనీగ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గబగబా రబ్బరు తీసి టిక్కులు చెరపబోయింది.

"చెరపకు. పక్కన నిజం రాయి."

వంకర టింకర అక్షరాలతో నాలుగు చోట్లా రాసింది: 'రింగు పెట్టి చూడలేదు.' అది రాయడం ఆ రోజు తీయాల్సిన పరుగులన్నిటికంటే కష్టంగా అనిపించింది.

డాక్టరమ్మ చదివి, బుక్కు మళ్ళీ తూనీగకే ఇచ్చింది. "కొత్త వైరు వేస్తాను. ఇంకో వారం చూద్దాం. రోజూ కొలత కూడా నువ్వే తీయాలి. పంతొమ్మిదికి దిగిన రోజున నాకు ఫోను చెయ్యి, శాల బయట పది అడుగులు నడిపిద్దాం. అంతకు ముందు నడిపిస్తే నరం మళ్ళీ సాగుతుంది. ఏం?"

"నాకే ఇస్తున్నారా?" తూనీగ నమ్మలేకపోయింది.

"నువ్వు నోరు విప్పకపోతే మసి ఈపాటికి పచ్చికలో ఉండేది."

మర్నాడు తూనీగ కెప్టెన్‌తో, "అక్కా, వారం రోజులు నేను అయిదుంపావుకి గానీ రాలేను," అంది.

"అయితే పరిగెత్తే నలుగురిలో ఉండవు. బయట కూర్చునే అయిదో దానివే. ఇష్టమేనా?"

ఇష్టం లేదు. అయినా తలూపింది.

వాపు మెల్లమెల్లగా దిగింది. ఇరవై. పంతొమ్మిదిన్నర. రోజూ బల్బు టుక్కుటుక్కుమంటుంటే తూనీగకి మొదటిరోజులాగే ఒళ్ళు పులకరించేది. కంటికి కనబడని శక్తి ఒకటి, చప్పుడు చేయకుండా, ఎంత ఓపిగ్గా తన పని తాను చేసుకుపోతోందో!

కొత్త వైరు వేసిన ఏడో రోజు, మసి బయటికొస్తుందని కబురు పాకి, జట్టు మొత్తం శాల ముందు వాలింది. బుడంకాయ పీపా మీదెక్కి కూర్చున్నాడు. అమ్మ కళ్ళెం తుడిచి సిద్ధంగా పట్టుకుంది. మసి చెవులు నిక్కబొడుచుకుని తలుపు వైపే చూస్తోంది.

తూనీగ టేపు చుట్టింది. అందరూ మెడలు సాచారు.

"పంతొమ్మిదే!" అని అరిచాడు బుడంకాయ.

తూనీగ ఇంకాస్త దగ్గరికి వంగింది. పంతొమ్మిది దాటి రెండు చిన్న గీతలు.

"రెండు గీతలేగా! ఇంతమందిమి వచ్చాం, పంతొమ్మిదని రాసెయ్యవే," అంది కెప్టెన్.

తూనీగకీ అలాగే రాయాలనుంది. మసి కాలుతో నేలని తట్టింది, పోదాం పదమన్నట్టు.

తూనీగ టేపు విప్పి, ఇంకోసారి చుట్టి చూసింది. అవే రెండు గీతలు. బుక్కు మోకాలి మీద పెట్టుకుని, గుండ్రటి అక్షరాలతో రాసింది: 'పంతొమ్మిది సెంటీమీటర్లు, రెండు గీతలు. ఈ రోజు బయటికి లేదు.'

"అమ్మా, కళ్ళెం లోపల పెట్టెయ్," అంది లేస్తూ. "రేపు మళ్ళీ కొలుస్తా."