చీటీలో చివరి పేరు

శనివారం పొద్దున ఇలింకా చర్చికి ఇవ్వాల్సిన రొట్టెను పొయ్యిలోంచి తీస్తోంది. ఆమె అత్తగారు స్మరాండా బల్ల మీది చీటీ అందుకుని కళ్లజోడు సవరించుకుంది. రేపు ఆరాధనలో ఫాదర్ చదవాల్సిన పేర్లవి. బతికున్నవాళ్లు ఒక పక్క, పోయినవాళ్లు ఒక పక్క. బతికున్నవాళ్లలో చివరి పేరు పావెల్.

ఆ పేరు గలవాడు రెండువైపుల చుట్టాల్లోనూ లేడు.

స్మరాండా ముప్ఫై ఏళ్లు లెక్కల టీచరు. "దేవుడు బుర్ర ఇచ్చాక మళ్లీ ఆయన్ని అడగడం దేనికి?" అనేది. ప్రార్థనలోనూ దేవుడికే సలహాలిచ్చే మనిషి. కోడలు నెలకోసారి ఎక్కడికో బస్సెక్కుతోంది. వెళ్లినప్పుడల్లా ఒక చెర్రీ జామ్ సీసా మాయం. ఇప్పుడీ పేరు. అన్నీ కూడింది, లెక్క తేలిపోయింది. కోడల్ని ఒక్క మాట అడగాలని తోచలేదు.

కొడుకు సిల్వియు కాఫీకి రాగానే చీటీ అతని ముందు పెట్టింది. "ఎవడు చల్లగా ఉండాలని నీ పెళ్లాం మొక్కుతోందో చదువు!"

"ఎవరీ పావెల్, ఇలింకా?"

ఇలింకా ముఖం పాలిపోయింది. "చెప్పనని మాటిచ్చానండీ."

"చూశావా? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటోంది! నా లెక్క ఎప్పుడైనా తప్పిందిరా?"

సిల్వియు లేచి నిలబడ్డాడు. "చెప్పవా? అయితే నేనీ ఇంట్లో ఉండలేను."

ఇలింకా ఏప్రన్‌తో కళ్లు తుడుచుకుంది. "పావెల్ అంటే మీ మావయ్య పెత్రాకే. మఠంలో చేరినప్పుడు ఆ పేరు పెట్టారు. ఇప్పుడు కాళ్లు పడిపోయి మంచంలో ఉన్నారు. తన సంగతి తెలిస్తే అత్తయ్య నన్ను కూడా వెలేస్తారని, చెప్పొద్దన్నారు."

స్మరాండా చీటీ మళ్లీ అందుకుంది. పెత్రాకే ఆమె తమ్ముడు. ఇరవై రెండేళ్ల క్రితం అమ్మ పోయినప్పుడు బంగారు సిలువ కనబడలేదు. 'అమ్మ కోరితే శవపేటికలో పెట్టానక్కా' అని వాడు మొత్తుకున్నాడు. ఆ రోజూ ఇలాగే కూడి, వాణ్ణి దొంగని చేసి గెంటేసింది. ఈ రోజు లెక్క తప్పిందంటే, ఆ రోజుదో?

"ఆ చీటీ నాది కాదు అత్తయ్యా," అంది ఇలింకా మెల్లగా. "ఆయన చెప్పిన వరసలోనే వారం వారం రాస్తున్నాను. మొదటి పేరు చూడండి."

స్మరాండా. పైనున్న ఆ పేరు ఎన్నోసార్లు చూసింది, చివరిదాకా మాత్రం ఇవాళే చదివింది. కోడలు తనని కాకా పడుతోందనుకుంది.

ముసలావిడ భోరుమంది. మూలనున్న ప్రభువు పటం వైపు తిరిగింది కానీ, ఈసారి సలహా ఏదీ రాలేదు. "నాకు తెలియలేదు ప్రభువా," అంది. తర్వాత కోడలి రెండు చేతులూ పట్టుకుంది.

"నన్ను క్షమించవే తల్లీ. బస్సెన్నింటికి?"

"తొమ్మిదింటికి అత్తయ్యా."

"అయితే ఆ పెద్ద సీసా తియ్యి. చెర్రీ అంటే వాడికి ప్రాణం."