పక్కద్దం మూత

పొయ్యిమీద పాలు పెట్టి, ఉద్యోగమిచ్చిన అంబత్తూరు కంపెనీకి ‘రాలేను’ అని ఏ మాటల్లో చెప్పాలా అని మధుమిత ఆలోచిస్తోంది. సాయంత్రంలోగా చెప్పాలి. చెన్నైలో ఈ మూలనున్న మాధవరం నుంచి బస్సులు మారి వెళ్లొచ్చి, పాపను స్కూలు నుంచి వేళకు తీసుకురావడం కుదిరే పని కాదు. ఇంట్లో కారుంది. దాని తాళంచెవి మాత్రం మూడు వారాలుగా పూజ అలమరలో వెంకటేశ్వరస్వామి పటం వెనకాల ఉంది. ఇక ఆమె నడపొద్దని అక్కడ పెట్టింది భర్త గురుప్రసాద్.

కారణం, కారు ఎడమవైపు పడిన సొట్ట, ఊడిపోయిన పక్కద్దం మూత. “నిన్న కోడలు గేటుకాడ వెనక్కి తీసింది గదా, తగిలుంటాది” అన్నాడు మామగారు కోదండరాం. ఇంత చిన్నదానికి ఇన్సూరెన్సు ఎందుకన్నదీ ఆయనే. వెనక్కి తీసేటప్పుడు తడబడిన మాట నిజమే కాబట్టి మధుమిత నమ్మింది. అత్త పగలగొట్టింది అడుగోటి కుండ, కోడలు పగలగొట్టింది కొత్త కుండ అన్నట్టు, ఆ సొట్ట సంగతి చుట్టాలందరికీ చేరిపోయింది.

గేటు చప్పుడైతే పొయ్యి ఆర్పి బయటికొచ్చింది. వచ్చినతను పేరు కాళిముత్తు అన్నాడు. జార్జి టౌన్‌లో లోడు ఆటో నడుపుతాడట, మామగారి పసుపు దుకాణంలో అడిగి ఇల్లు పట్టుకున్నాడట. చేతిలో కారు పక్కద్దానికి వెనకవైపు ఉండే ప్లాస్టిక్ మూత ఉంది.

“పెద్దాయన ఉండారామ్మా? ఆయన కారు నా బండికి తగిలినప్పుడు ఇది మూటల్లో పడిపోయినాది. ఇన్సూరెన్సూ వొద్దు, కేసూ వొద్దని ఆడనే డబ్బులిచ్చేసినారు. మంచి మనిషి.”

లోపల్నుంచి అంతా విన్న కోదండరాం, అతను వెళ్లిపోయాక తల వంచుకుని వరండాలోకి వచ్చాడు. మెల్లగా తనే చెప్పాడు. ఇంట్లో ఎవరూ లేని మధ్యాహ్నం కారు తీశాడు. ఇన్సూరెన్సుకు పోతే నడిపిందెవరో రాయాలి. కంటి డాక్టరు సర్టిఫికెట్ ఇవ్వక ఆయన లైసెన్సు రెన్యువల్ ఆగిపోయి ఆరు నెలలైంది; ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. కొడుక్కి తెలిస్తే దుకాణానికి కూడా పోనివ్వడని భయపడ్డాడు.

“పాపను ఎక్కించుకోని ఎవరినన్నా గుద్దేస్తానేమోనని నాకే భయం పట్టుకునింది మామయ్యా. ఉద్యోగం వొదులుకుంటా ఉంటే చూస్తా కూర్చున్నారే.” ఆమె ఆ మూతను ఆయన ముందు పెట్టింది. “నన్నడిగుంటే మీకోసం ఆ తప్పు నేనే నెత్తినేసుకునేదాన్ని. అడక్కుండా వేసినారు.”

ఆయన కొడుక్కి ఫోన్ చేసి జరిగిందంతా ఆమె ముందే చెప్పాడు. తర్వాత పటం వెనక నుంచి తాళంచెవి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

“అంబత్తూరికి ఎంతసేపు పడతాదో చూసొద్దాం పదమ్మా. నేను పక్కన కూసుంటా.”

ఆమె కోపం చల్లారలేదు. కారెక్కి, బెల్టు పెట్టుకోమని మాత్రం అంది. ఆయన బెల్టు లాగి, దాన్ని దూర్చే చోటు కోసం సీటు పక్కన తడిమాడు. దొరకలేదు. మళ్లీ తడిమాడు. పట్టపగలు, పక్కనే ఉన్నది ఆయనకు కనబడటం లేదు. ఇన్నాళ్లూ ఇంట్లో ఎవరూ గమనించలేదు, తనతో సహా. ఆమెకు కన్నీళ్లు ఆగలేదు. వంగి, ఆ చెయ్యి పట్టుకుని, బెల్టు తనే పెట్టింది.

“ముందు కంటాసుపత్రికి పోదాం మామయ్యా” అంది. “అంబత్తూరికి ఎట్లాగూ రోజూ పోతాను గదా.”