అమ్మ ఏమంది?

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు. వంటగదిలో మేనత్త, ముందుగదిలో నాన్న, హాస్టల్ నుంచి అప్పుడే వచ్చిన అమ్మాయి. నాలుగో మనిషి అమ్మ... ఆమె గది తలుపుకు బయటివైపు కొత్త గడియ! బిగించినప్పుడు రాలిన చెక్కపొడి ఇంకా నేల మీదే ఉంది.

అమ్మ ఎన్నో ఏళ్లు ఇటలీలో ఒక ముసలావిడకు సేవ చేసింది. పక్షవాతం వచ్చి ఇల్లు చేరింది. మాట తిరిగొచ్చింది గానీ... అది తెలుగు కాదు, ఇటాలియన్! తెలుగు వింటే అర్థమవుతుంది, నోరు తెరిస్తే మాత్రం ఆ భాషే. ఒక్కోసారి అలా జరుగుతుందన్నాడు డాక్టరు.

అమ్మ బతికే లోకం ఎలా ఉంటుందో తెలుసుకోవాలనే అమ్మాయి కామర్స్ డిగ్రీలో ఇటాలియన్ భాష, సంస్కృతి మైనర్‌గా, అంటే రెండో సబ్జెక్టుగా, తీసుకుంది. అక్కడి ఇళ్ల గురించి, వంటల గురించి చదువుతుంటే అమ్మ పక్కన కూర్చున్నట్టే ఉండేది! "లెక్కలు చదవమంటే ఈ వేషాలేమిటే?" అని అప్పట్లో మేనత్త ఎన్నిసార్లు దెప్పిందో!

ఆ మేనత్తే ఇవాళ పిలిచింది. "రావమ్మా దొరసానీ! మీ అమ్మ ఏం గొణుగుతోందో చెప్పు. మాకైతే పిట్టలు పోట్లాడుకున్నట్టుంది."

నాన్న తలెత్తలేదు. "నేనేమడిగినా గోడవైపు తిరుగుతోంది. అక్క చేతిలో ఉండటం ఇష్టమేనా అని నువ్వడుగు. కాదంటే చదువు మానేసి నువ్వే చూసుకోవాలి. ఇంకో దారి లేదు."

అమ్మాయి మంచం పక్కన కూర్చుంది. అమ్మ బాగున్న చేత్తో ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఆ భాషలోనే, చిన్నపిల్లకు చెప్పినట్టు మెల్లగా చెప్పింది.

"పగలంతా గడియ పెడుతుంది. అరిచినా తీయదు. భయమేస్తోంది తల్లీ... నన్ను నీతో తీసుకుపో!"

ప్రతి మాటా అర్థమైంది! ఇన్నాళ్లు నేర్చుకున్నది ఈ మాట వినడానికేనా దేవుడా!

"ఏమంటోందే?" మేనత్త గుమ్మంలోనే ఉంది, చెయ్యి గడియ మీద.

కాలేజీ, స్నేహితురాళ్లు, ఇక మిగిలిన చివరి ఏడాది... అన్నీ కళ్ల ముందు తిరిగాయి.

"ఇక్కడే... బాగుందట అత్తా. నువ్వు బాగా చూసుకుంటున్నావట."

"నే చెప్పలా తమ్ముడూ!" మేనత్త నవ్వింది.

మణికట్టు మీద అమ్మ పట్టు సడలింది. కూతురి తెలుగు ఆమెకు బాగానే అర్థమైంది!

"అమ్మా... పరీక్షలయ్యాక వస్తానమ్మా..." ఆ భాషలోనే బతిమాలింది అమ్మాయి, వెనక్కి నడుస్తూ గుమ్మం దాటి.

అమ్మ గోడ పట్టుకుని లేచింది. కాలీడ్చుకుంటూ తలుపు దగ్గరికి వచ్చింది. మేనత్త గడియ మీద చెయ్యి వేసే ఉంది, కానీ ఆమె అవసరం రాలేదు.

అమ్మే... తన చేత్తోనే... కూతురి ముఖం మీద తలుపు మూసేసింది.