కొత్త నంబరుకి వెళ్ళిన ఫోటో

"పన్నెండింటికి మన కోడ్ పుస్తకం విదేశీ ముఠా చేతికి వెళ్ళాలట," అన్నాడు చీఫ్. "ఇప్పుడు పదకొండు."

ఎదురుగా నిలబడ్డ ఏజెంటుని ఆఫీసులో మొద్దు అంటారు. పిడుగు పక్కన పడ్డా రెప్ప వెయ్యడని.

"ఇచ్చేదెవరు?"

"కోడ్ రూము గుమస్తా. తనే వచ్చి చెప్పింది."

పక్కగదిలో కూర్చున్న గుమస్తా కళ్ళలో తడి ఎప్పుడో ఇంకిపోయింది. గోడకి చెప్పినట్టు చెప్పింది. కాబోయే భర్తకి ఒక ఫోటో పంపింది, ఇద్దరూ అనుకునే. నెల తర్వాత కొత్త నంబరు నుంచి మెసేజ్: 'పాత ఫోన్ పోయింది. ఆ ఫోటో మళ్ళీ పంపవూ.' పంపింది. ఆ నంబరు అతనిది కాదు.

"సంకేతపదం చెప్పకపోతే ఆఫీసర్‌కైనా చిత్తుకాగితం ఇవ్వను సార్. ఆరోజు మాత్రం అడగలేదు. అనుమానించానని నొచ్చుకుంటాడేమోనని."

"మొహం కనిపిస్తుందా?"

"ఆఁ."

మొద్దు ఇంకేం అడగలేదు. పుస్తకం ఇవ్వకపోతే ఆ ఫోటో ఆఫీసులో రెండువందల పధ్నాలుగు ఫోన్లకి వెళ్తుందని బెదిరింపు.

పన్నెండుకి ఐదు నిమిషాలు. హోటల్ లాబీలో మొద్దు ఏసీ మెకానిక్ వేషంలో నిచ్చెనెక్కాడు. స్క్రూడ్రైవర్ పిడిలో ఫోన్ సిగ్నల్ ఆపేసే జామర్. మూడు నిమిషాలే దాని ఆయుష్షు.

కింద పట్టుచీరలో కూర్చున్నావిడ మారుపేరు చిలక. మన దగ్గర జీతం, ముఠా దగ్గర బత్తెం. ఒకప్పుడు మొద్దుతో కలిసి శిక్షణ పొందిన మనిషి. చూస్తే కోపం రావాలి. రాలేదు. ఏమీ రాలేదు. ఆ కొత్త నంబరు చిలకదే, ఫోటో ఉన్నదీ ఆ ఒక్క ఫోన్లోనే. సొంత ముఠానీ నమ్మదు. ఆ ఫోన్ తెరిచి ఉండగానే అందుకోవాలి.

గుమస్తా వచ్చి ఎదురుగా కూర్చుని సంకేతవాక్యం చెప్పింది. "వాన వచ్చేలా ఉంది."

"గొడుగు తెచ్చావా?"

"లేదు. పుస్తకం కూడా తేలేదు."

చిలక నవ్వి ఫోన్ తెరిచింది. పైన మొద్దు జామర్ నొక్కాడు.

"పిచ్చి తల్లీ, ఒక్క వేలు కదిపానంటే నీ పరువు నడివీధిలో ఉంటుంది."

"కదుపు. నాన్నకి పొద్దున నేనే చెప్పాను. నోటికొచ్చినట్టు తిట్టాడు. తర్వాత, ఏమన్నా తిన్నావా అన్నాడు."

చిలక మొహంలో రంగు మారింది. కావాలనే ఆలస్యం చేసింది. బేరం కుదురుతుందేమోనని ఆమె వంకే చూసింది. రెండు నిమిషాలు. రెండున్నర. గుమస్తా కదల్లేదు.

చిలక నొక్కింది.

తెర మీద చక్రం తిరుగుతోంది. జామర్ దీపం ఆరిపోయింది. మొద్దు నిచ్చెన మీంచి బస్తాలా పడ్డాడు, నేరుగా ఆ చేతి మీద.

ఫోన్ లాక్కుని, ఫోటో మీద అరచెయ్యి అడ్డం పెట్టి, తెర అంచున 'ఏరోప్లేన్' గుర్తు నొక్కి నెట్‌వర్క్ ఆపి, గుమస్తాకి అందించాడు. "మీరే చెరిపెయ్యండి."

ఒక్కటీ వెళ్ళలేదు.

"ఇన్నేళ్ళయినా మొద్దువే," అంది చిలక, బేడీలు పడుతుంటే.

"ఊఁ."

సాయంత్రం చీఫ్ రిపోర్టు రెండుసార్లు తిరగేశాడు. "అన్నీ రాశావుగానీ, ఆ ఫోటో ఎలాంటిదో ఒక్క ముక్కా లేదేంటయ్యా?"

"నాకు పంపింది కాదు కద సార్."